అసుంతా పెరటి వయొలెట్లు

ఆష్టబ్యూలా రేవు,
1979 మే 14, సోమవారం.

నా రేనోకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, కోడలు ఓర్సొలా, పాప మరీసా అందరం ఆరోగ్యంగా ఉన్నాం. ఈ ముక్క ముందే గట్టిగా రాస్తున్నాను. మిగతా ఉత్తరం చదివేటప్పుడు నీ మనసు కుదురుగా ఉండాలి. పై సరస్సులో మీ ఓడ చుట్టూ ఇంకా మంచుగడ్డలు తేలుతున్నాయని రాశావు. ఉన్ని బనియన్లు అప్పుడే పెట్టెలో పడెయ్యకు.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు మెట్లెక్కేటప్పుడు ఇంకా కటకటమంటోంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "ముప్పై ఏళ్ళు ఓడల్లోంచి ఇనుపరాయి దింపిన మోకాలే అది. ఆ మాత్రం సణుక్కునే హక్కు దానికి లేదా?" అంటారు. మరీసా పన్ను ఊడింది, పైవరసలో ముందుది. ఎక్కడ ఊడిందనుకున్నావు? వాళ్ళ నోన్నా ఇంట్లో, అదే, అమ్మమ్మ అసుంతా ఇంట్లో. ఊడే పన్నుకి కూడా ఈ నానమ్మ, ఈ ముమ్మో గడప నచ్చలేదు.

"నువ్వూ మా అత్తగారూ బాగుంటున్నారా? ఓర్సొలా ఉత్తరాల్లో నీ ఊసే లేదేమమ్మా?" అని అడిగావు. దానికి జవాబు పొడుగు. కాస్త ఓపిక పట్టు.

మన పచ్చిక సంగతి నీకు తెలియనిది కాదు. ఈ ఇల్లు కొన్న ఏడు ముందు జాగా అంతా బొగ్గునుసే. మట్టి తెప్పించి, విత్తనం చల్లి, ఇరవై ఎనిమిదేళ్ళు బిడ్డను సాకినట్టు సాకాను. వీధిలో ఎవరైనా మన ఇంటి గుర్తు చెప్పాలంటే "ఆ పచ్చిక ఉన్న ఇల్లు" అంటారు. అందులోకి వయొలెట్ ఎలా వచ్చిందో నీకు తెలీదు, అప్పుడు నువ్వు ఓడ మీద ఉన్నావు. మరీసాకి నాలుగేళ్ళు. రేకు గ్లాసులో మట్టిబెడ్డ, అందులో రెండు ఆకులు, ఒక ఊదా పువ్వు పట్టుకొచ్చింది. "ముమ్మో, నీ దగ్గర పువ్వుల్లేవుగా! నోన్నా ఇచ్చింది" అంది. కంచె పక్కన వేళ్ళతో తవ్వి తనే పాతింది. నేనే నీళ్ళు పోశాను, పిచ్చిదాన్ని.

మూడేళ్ళు తిరిగేసరికి కంచె నుంచి మెట్లదాకా అదే. మీద ఆకు పీకితే అడుగున అల్లం కొమ్ములాంటి వేరు మిగిలిపోతుంది. దాన్ని తవ్వితే పక్కన ఇంకో రెండు లేస్తాయి. ఏటా రెండుసార్లు కలుపుమందు కొట్టినా, ఆ ఆకు నున్నదనానికి మందు తామరాకు మీద నీళ్ళలా జారిపోతుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపితే అంటుకుంటుందని ఎవరో చెప్తే అదీ చేశాను. నాలుగు రోజులు వాడి, అయిదో రోజు తలెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు పళ్ళ తవ్వుకోలతో లాగుతుంటే ప్రతి వేరులోనూ నాకు అసుంతా మొహమే కనిపించేది. నవ్వుతూ.

రేనో, నీ అత్తగారిని చూస్తే నాకు కళ్ళు కుట్టేవి. ఇవాళ రాయగలుగుతున్నాను, ఎనిమిదేళ్ళు నోరెత్తలేదు. ఆవిడ పెరడు పెరడే కాదు. గడ్డి, డాండెలియన్, వయొలెట్, పార్స్‌లీ, కోళ్ళు తవ్విన గుంటలు, అన్నీ ఒకచోటే. అయినా పిల్ల అక్కడే పడి దొర్లుతుంది. పూలు కోసి చక్కెరపాకంలో వేస్తారట, ఆకు కోసి గుడ్లతో కలుపుకు తింటారట. ఆవిడ జడ వేస్తే పిల్ల మూడురోజులు విప్పనివ్వదు. ఆవిడ గట్టిగా అరుస్తుంది, గట్టిగా ముద్దు పెడుతుంది. నాకు అరవడమూ రాదు, ముద్దు పెట్టడమూ అంతంతమాత్రమే. నీకు తెలుసుగా.

మార్చిలో బళ్ళో "మా అమ్మమ్మ ఇల్లు, మా నానమ్మ ఇల్లు, ఏదో ఒకటి గియ్యండి" అన్నారట. మరీసా నోన్నా పెరడని కాగితం నిండా ఊదా చుక్కలు పెట్టింది. దాన్ని ఓర్సొలా మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అతికించింది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను నీళ్ళు కూడా తాగకుండా వచ్చేసేదాన్ని. నీళ్ళసీసా ఆ తలుపు వెనకే కదా ఉండేది.

ఈస్టర్ తర్వాతి శనివారం పాపకి ఫోన్ చేశాను. "రేపు వస్తావా తల్లీ? ఏలకుల రొట్టె చేస్తాను" అన్నాను.

"ఈసారి గడ్డి మీద నడవచ్చా ముమ్మో? లేకపోతే మందు కొట్టావా?" అంది.

నేను అంతకు ముందురోజే కొట్టాను. అదే చెప్పాను. "అయితే నోన్నా దగ్గరికెళ్తాలే" అంది. కోపంగా కూడా కాదు. వాన పడుతోంది కాబట్టి గొడుగు తీసుకెళ్తాను అన్నట్టుగా.

మీ నాన్న పేపరు దించి, "నీకు మనవరాలు ఆ పచ్చికేనే ఐలీ. రెండో మనవరాలు ఎందుకు నీకు?" అన్నారు.

ఇక అసలు సంగతి. నేను రాయకపోతే తనే రాస్తానంది ఓర్సొలా. మూడు వారాలు గడువిచ్చింది. నిన్నటితో అయిపోయింది.

పాపకి ఫోన్ చేసిన మర్నాడు ఆదివారం. మన చర్చిలో ఆరాధన తొమ్మిదికల్లా ముగుస్తుంది, వాళ్ళ కాథలిక్ చర్చిలో పూజ పది నుంచి పదకొండు. ఆ గంటసేపు అసుంతా ఇంట్లో ఎవరూ ఉండరని నాకు తెలుసు. కారు వెనక మందుడబ్బా పెట్టుకుని వంతెన దాటి వెళ్ళాను. రైలు పట్టాల వైపు ఆవిడ పెరటి గేటు ఉంది చూడు, దానికి గడియ కూడా లేదు. లోపలికి వెళ్ళి కంచె వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టాను. సబ్బు కలిపి మరీ కొట్టాను. ఈ కలుపు పుట్టిన చోటే చావాలి అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను.

పన్నెండింటికి మీ నాన్న చొక్కా మారుస్తూ, "నేనలా అసుంతమ్మ ఇంటికి వెళ్ళొస్తా. కంచె పక్కన లేత డాండెలియన్ ఆకు వచ్చిందట. పూజ నుంచి రాగానే మరీసా, ఆవిడా కలిసి కోస్తారట. నన్నూ భోజనానికి రమ్మంది" అన్నారు.

కప్పు చేతిలోంచి జారిపోయింది. వాళ్ళు ఆకు తింటారని నాకు తెలుసు రేనో. తెలిసి మర్చిపోయాను. అసూయకి కళ్ళే కాదు, బుర్ర కూడా ఉండదు.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఎండ బాగుంది కదా, బల్ల బయట వేసుకుని ఉంటారు. "ట్రక్కు తియ్యండి" అని అరిచాను. మీ నాన్న నా అరుపు వినడం అదే మొదలు. దారిలో చెప్పాను. ఆయన గేరు రెండుసార్లు తప్పు వేశారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి గంట మోగి వంతెన లేచింది. కింద ఒక టగ్గు పడవ తీరుబడిగా పోతోంది. దాని మీద ఒకాయన నాకేసి చెయ్యూపాడు. ఆ కాసేపు నేను ఏమని ప్రార్థించానో రాయలేను.

ద్రాక్షపందిరి కింద బల్ల. పెద్ద గిన్నెలో ఆకు, గుడ్లు, నూనె నిగనిగ. మరీసా ఫోర్కు ఎత్తుతోంది. నేను ఆ పళ్ళెం లాక్కుని గోడకేసి కొట్టాను.

"తినకండి! ఎవరూ ముట్టుకోకండి! అందులో మందుంది!"

ఓర్సొలా లేచి నిలబడింది. "ఏం మందు అత్తయ్యా?"

"కలుపుమందు. నేనే కొట్టాను. పొద్దున."

"మూడు నీళ్ళు కడిగాను వదినగారూ" అంది అసుంతా. ఇంకా అర్థం కాలేదు ఆవిడకి. తర్వాత మెల్లిగా తన చేతిలో ఫోర్కు చూసుకుంది. "ఉప్పు సరిపోయిందో లేదో అని నేను రెండుసార్లు రుచి చూశాను. సబ్బు వాసనేంటా అనుకున్నా."

పాప ఒక్క ఆకు కూడా తినలేదు. ఇది మళ్ళీ చదువుకో, నేను రోజూ చదువుకుంటున్నాను.

వెంటనే ఆసుపత్రికి బయల్దేరాం, ఓర్సొలా పాపని తీసుకుని తన కారులో వెనకే వచ్చింది. ట్రక్కులో మీ నాన్న, నేను, మధ్యలో అసుంతా. ఆవిడ పొట్ట పట్టుకుని ముందుకు చూస్తూ అడిగింది, "ఎటునుంచి వచ్చారు వదినగారూ?"

"వెనక గేటు నుంచి."

"పిల్లల పెళ్ళయి ఎనిమిదేళ్ళు. నా ముందు తలుపు ఒక్కసారి తట్టలేదు మీరు. ఈస్టర్‌కి పిలిస్తే నడుంనొప్పి, పాప బాప్తిస్మం విందుకి పిలిస్తే గడ్డి కొయ్యాలి. రాక రాక వచ్చారు, దొడ్డిదారిన, నేను లేనప్పుడు, మందుడబ్బాతో." కాస్త ఆగి, "ఆకు పోతే పోయింది. మీరొచ్చిన దారే మింగుడు పడట్లేదు" అంది.

ఆసుపత్రిలో డాక్టరు మందు పేరు అడిగాడు. అందరి ముందూ నేనే చెప్పాలి. ఎంత కలిపారు, ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు అని రాసుకున్నాడు. "ఎందుకు" అన్నప్పుడు అసుంతాయే పడకలోంచి, "కలుపు తియ్యడానికి" అంది. లోపలికి వెళ్ళింది చాలా తక్కువని, అయినా కనిపెట్టాలని సాయంత్రందాకా ఉంచారు. రెండుసార్లు వాంతయింది. బేసిన్ నేనే పట్టుకున్నాను. వద్దనలేదు ఆవిడ. రాత్రి ఏడింటికి పంపించేశారు. ఇప్పుడు కులాసాగా ఉంది.

ఆ రోజు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఓర్సొలా నాతో, "రేనోకి మీరే రాయండి అత్తయ్యా. అప్పటిదాకా పాపని మీ దగ్గర ఒంటరిగా వదలను" అంది. గొంతు పెంచలేదు. నువ్వు తనని సర్దుకోమని ఒక్క ముక్క రాసినా నేను ఊరుకోను. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టు, నా పేరు మీదే రాయి.

అసుంతా వెళ్తూ వెళ్తూ అన్నది వేరు. "ఏ ఆదివారమైనా రండి. ముందు తలుపు నుంచి. ఉత్తి చేతులతో రండి, మీ చేతిలో ఏదున్నా నాకిప్పుడు భయమే."

మొదటి ఆదివారం వెళ్ళలేకపోయాను. రెండోసారి వంతెనదాకా వెళ్ళి తిరిగొచ్చాను. నిన్న అమ్మల పండగ. ఉత్తి చేతులతో నడిచి వెళ్ళి తలుపు తట్టాను. లోపల మరీసా ఎవరితోనో ఏదో చెప్తూ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వుకి నేను వెనక్కి తిరిగేదాన్నే, ఈలోగా తలుపు తెరుచుకుంది.

అసుంతా నా రెండు చేతులూ తిప్పి చూసింది. "ఈ తలుపు కనుక్కోవడానికి ఇంతకాలం పట్టిందా?" అంది. పక్కకి జరిగి దారిచ్చింది.

పెరటి కిటికీలోంచి కంచె వైపు చూశాను. డాండెలియన్ మాడిపోయింది, పార్స్‌లీ పోయింది. వయొలెట్లు మాత్రం ఇంత లేత ఆకు వేసి నిలబడ్డాయి. "వాటినేం చెయ్యలేరు వదినగారూ. నేనూ మొదట్లో రెండేళ్ళు పీకాను" అంది అసుంతా, రొట్టె కోస్తూ. ఈ ఏడు ఆ మట్టిలో ఏదీ కొయ్యకూడదు కనుక బల్ల మీద ఉన్నది అంగట్లో కొన్న ఆకు. ఆవిడకి అంగట్లో ఆకు కొనడమంటే ఎంత నామర్దాయో నీకు తెలుసు. ఆ నామర్దా నా మూలంగానే.

మరీసా ముందు నన్ను దూరం నుంచి చూసింది. ఆ తర్వాత ఊడిన పన్ను చోటు చూపించింది. చూపించి, వెళ్ళి వాళ్ళ నోన్నా ఒళ్ళో కూర్చుంది. రేనో, నీకు అబద్ధం రాయను. గుండెల్లో చురుక్కుమంది, ఎప్పటిలాగే. ఆ చురుకుతోనే వాళ్ళకెదురుగా కూర్చున్నాను. అసుంతా పెట్టింది తిన్నాను. చేదుగానే ఉంది. పళ్ళెం చాపి మళ్ళీ వడ్డించమని అడిగాను.

ఇట్లు,
తప్పు తన చేత్తోనే రాసిన
మీ అమ్మ,
ఐలీ