సర్వే ఫారంలో ఆడవారి గడి

కొవ్వూరు,
12-8-1998.

సర్వే సూపర్‌వైజరు ఆశాజ్యోతి గారికి,

నమస్కారం. గిన్నెలు, బట్టలు, పిండి రుబ్బడం అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

ఆడవాళ్లకు చట్టసభల్లో మూడోవంతు సీట్లు, ఆస్తిలో సమాన హక్కు కావాలా వద్దా అని అడగడానికి మీ ఆఫీసు అమ్మాయి సోమవారం మా ఇంటికి వచ్చింది. ఫారంలో మగవారికి ఒక గడి, ఆడవారికి ఒక గడి ఉన్నాయి. నేను కాఫీ కలిపి తెచ్చేలోపు మావారు రెండూ నింపించేశారు.

"మా ఇద్దరిదీ ఒకటే మాటండి. అన్నిటికీ పూర్తిగా సమర్థిస్తున్నాం అని రాసుకోండి. ఆవిడ్ని అడక్కుండా నేను మంచినీళ్లు కూడా తాగనండి" అన్నారు.

చివరి మాట నిజమే. బిందె ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు.

ఆ అమ్మాయి వీధి మలుపు తిరగకముందే, మా నాన్నగారు నా పేరున రాసిచ్చిన అరెకరం కొబ్బరితోటకు బేరం కుదిరిందని, గురువారం రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలని మావారు నాతో చెప్పారు. పెట్టనన్నాను.

"ఎవరు నేర్పారే నీకీ మాటలు?" అని కేకలేశారు.

"మీరేనండి. ఇందాక ఆ అమ్మాయికి చెబుతుంటే విన్నాను" అన్నాను.

రెండు రోజులుగా మాటల్లేవు. భోజనానికి మాత్రం వేళకే వచ్చి కూర్చుంటున్నారు.

రేపే గురువారం. నేను వెళ్లను. మీరు కూడా నా గడిలో రాసింది కొట్టేసి, "ఈమెను ఎవరూ అడగలేదు" అని రాయండి. అందుకు ఫారంలో చోటు లేకపోతే స్కేలు పెట్టి కొత్త గడి గీయించండి. మా వీధిలోనే పదకొండు ఇళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
7-42 నంబరు ఇంటి గృహిణి