మా తమ్ముడి కొట్లో ఎర్ర అగేట్ దండ

అమ్మాయీ,

కళ్ళ డాక్టరు పొద్దున్నే రమ్మన్నాడు, నీతో రాలేను. మీ అమ్మకు ఎర్ర అగేట్ దండ కొనడానికి మా తమ్ముడి కొట్టుకు నువ్వొక్కదానివే వెళ్ళు. వాడు మంచివాడే, కానీ బేరం దగ్గర అక్కా చెల్లీ చూడడు.

ముందు పూసను చెంపకు ఆనించు. ప్లాస్టిక్ ఇట్టే వెచ్చబడుతుంది, అసలు రాయి చాలాసేపు చల్లగా ఉంటుంది. వెలుతురులో పట్టి చూడు, లోపల బుడగలుంటే అది గాజు. చారలన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటే అక్కడే వదిలెయ్. "ఈ ఎరుపు చూడమ్మా!" అని వాడు మురిసిపోతే తడి దూదితో గట్టిగా రుద్దు. దూదికి రంగు అంటిందా, వాడి మొహమూ ఎర్రబడుతుంది.

నాకివన్నీ ఎలా తెలుసంటావా? పన్నెండేళ్ళ కిందట నాకే గాజుపూసల దండ అంటగట్టాడు. నేను పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా అదే వేసుకుని వాడి ఎదురుగా భోజనానికి కూర్చుంటాను. పాపం, వాడికి ముద్ద దిగదు.

అత్తయ్య

అన్నట్టు, ఆ దండ అద్దం పక్కన మేకుకు తగిలించాను. మెళ్ళో వేసుకుని వెళ్ళు. పరీక్షలేవీ అక్కర్లేదు, అసలు రాళ్ళు దాచిన లోపలి సొరుగు వాడే తెరుస్తాడు.