చాప కింద నవ్వు

ఆగస్టు 16, 1987. ఆదివారం. ఆపియా

మా బొమ్మల పుస్తకం మూడో సంచిక వచ్చింది. అట్ట మీద పంది. పంది కింద నా పేరు, లోసా అని, ఈసారి పెద్ద అక్షరాల్లో. పెని వద్దన్నాడు. బొమ్మలు వాడివి, మాటలు నావి. నీది వేసుకోకపోతే మానెయ్, నాది మాత్రం వెయ్యి అన్నాను. వాడు సైన్‌బోర్డులు రాసి బతికే మనిషి. ఎవరి పేరైనా ముచ్చటగా రాస్తాడు. తన పేరు మాత్రం ఎక్కడా రాయడు.

కథ నాకే నచ్చింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఓటు మతాయిలకే, అంటే ఇంటి పెద్దరికం బిరుదు ఉన్నవాళ్ళకే. అందుకని ఒక ఊరిపెద్ద కనబడ్డవాడికల్లా బిరుదిచ్చి ఓట్లు పోగేస్తాడు. మనుషులు అయిపోతారు. ఆఖరికి దొడ్లో పందిని కూడా మతాయిని చేసేస్తాడు. ఆ పంది సభలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, విందులో తన తొడ ఎవరికి వెళ్ళాలో తనే వాదిస్తుంది.

ఆగస్టు 20

మార్కెట్లో కోకో అమ్మే ఆవిడ దగ్గర పెట్టిన కట్ట మధ్యాహ్నానికి ఖాళీ. ఆవిడకి చదువు రాదు, కొన్నవాళ్ళందరి చేతా చదివించుకుందట. కడుపు చెక్కలైపోయింది, ఈ పూట బేరాలన్నీ చెడగొట్టావు, నీ నోరు పడిపోను అని తిట్టింది. ఇంతకన్నా మంచి రివ్యూ నాకు రాదు.

ఆగస్టు 29

మా సవాయి దీవి నుంచి పడవలో వచ్చినవాళ్ళు చెప్పారు. మా ఊళ్ళో కూడా చదివారట. మాతౌలా కూడా చదివాడట.

ఆగస్టు 30

మాతౌలా మా ఊరిపెద్ద. భుజాన ట్రాన్సిస్టర్ లేనిదే సభకి కూడా రాడు. కథలో ఊరిపెద్ద భుజానికి ట్రాన్సిస్టర్ తగిలించాడు పెని. తగిలించమన్నది నేనే. నవ్వొచ్చింది, చెప్పాను.

సెప్టెంబరు 9

ఇయోసేఫో మామ వచ్చాడు. అమ్మకి తమ్ముడు, మా కుటుంబానికి మతాయి. సముద్రం గాలికి జుట్టంతా చెదిరిపోయి ఉంది. ముందు టీ అడిగాడు, తర్వాత పుస్తకం అడిగాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, అప్పుడు చెప్పాడు. ఊరి సభ తీర్పిచ్చిందట. తప్పు నాది. కానీ నేను టౌన్లో ఉన్నాను కాబట్టి శిక్ష మామకి. మాతౌలా క్షమిస్తే సరే, లేదా ఇల్లూ తోటా వదిలి ఊరు దాటాలి.

మామ లేకుండా మా ఊళ్ళో పండగ ఉండదు. దెయ్యాల ఆటలో ఆడవేషం కట్టి, ముసలి దెయ్యం పూనినట్టు ముక్కుతో మాట్లాడుతూ పెద్దమనుషులందర్నీ ఉతికి ఆరేస్తాడు. నాకు రాయడం నేర్పింది ఆ దెయ్యమే.

నువ్వు ఆడితే నవ్వుతారు, నేను రాస్తే తరుముతారా అని అడిగాను. ఒసే పిచ్చిదానా అన్నాడు. మాతౌలాని మొహం మీదే ఎన్నిసార్లు ఏడిపించాను, ఆ ట్రాన్సిస్టర్‌కి పెళ్ళి కూడా చేశాను కదే, పొర్లి పొర్లి నవ్వి మర్నాడు చేమదుంపలు పంపించాడు, ఎందుకనుకున్నావు? అన్నది నేను కాదు, దెయ్యం. తెల్లారితే అది పోతుంది, దాని మాటా పోతుంది. నువ్వేమో దెయ్యం ఉండాల్సిన చోట నీ పేరు పెట్టావు, అది తెల్లారినా పోవట్లేదు అన్నాడు.

నేను రాసింది నిజం కాదా అన్నాను. కాదని ఎవరన్నారే, నిజం కాబట్టే కదా ఇంత గొడవ అన్నాడు.

సెప్టెంబరు 10

క్షమాపణ చెప్పను.

సెప్టెంబరు 12

మామకి నా గదిలో కుర్చీ అలవాటు కావడం లేదు. కాసేపు కూర్చుంటాడు, నేల మీదికి జారిపోతాడు. పొద్దున లేచి కిటికీలోంచి రోడ్డు చూస్తూ, ఇక్కడ రొట్టెపండు చెట్టు ఎవరిదని అడిగాడు. ఎవరిదో తెలీదన్నాను. ఎవరిదో తెలీకుండా ఎలా బతుకుతారే అన్నాడు. ఊరు పోతే ఈయన ఉండేది ఇక్కడే. టౌన్లో ఈయన ఎవరికి మతాయి?

సెప్టెంబరు 14. పడవలో

వెళ్తున్నాం. ఇఫోగా, అంటే ఊరి పద్ధతిలో క్షమాపణ, చేస్తాడట మామ. చెప్పేది నేను, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నీకదే కష్టం, నాకు తెలుసు అన్నాడు. పెనిని రమ్మన్నాను. నా పేరు అట్ట మీద లేదుగా అన్నాడు. తెలివైనవాడు.

సెప్టెంబరు 15. మధ్యాహ్నం

తెల్లారకముందే వెళ్ళి మాతౌలా ఇంటి ముందు గులకరాళ్ళ మీద కూర్చున్నాం. మామ ముందుగా కట్టెలూ, పొయ్యి రాళ్ళూ తెచ్చి పెట్టాడు. మమ్మల్ని కాల్చుకు తిన్నా మీ ఇష్టమే అని వాటి అర్థం. తర్వాత ఇద్దరి నెత్తి మీదా సన్న చాప కప్పుకున్నాం. అమ్మమ్మ నేసినది. పైకి పట్టులా ఉంటుంది, లోపల ఒకటే ఉక్క. ఇంటివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండలో అలా కూర్చోవడమే.

తెల్లారింది. చాప అంచు కింద నుంచి ఒక కోడి కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఇంట్లోంచి ట్రాన్సిస్టర్ వినబడుతోంది. వార్తలు. మేం బయట మోకాళ్ళు అరగదీసుకుంటుంటే ఆయన వార్తలు వింటున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. లేచిపోదామని ఒక మోకాలు ఎత్తాను కూడా.

అప్పుడు మొదలుపెట్టింది దెయ్యం. పెదవి కదలకుండా, ముక్కుతో, గుసగుసగా. కట్టెలు తడిగా ఉన్నాయే అమ్మడూ, మనం సరిగ్గా ఉడకం అంది. నీ ఒంట్లో ఏముంది, నాలుగెముకలు, కొరికితే దొరవారి పళ్ళూడతాయి అంది. పాపం ఆయనకి రావాలనే ఉంది, వాతావరణం చెప్పాక వస్తాడు, ఈదురుగాలిలో క్షమిస్తే జలుబు చేస్తుందట అంది. నోరుమూయ్ మామా అన్నాను. దెయ్యాన్ని పట్టుకుని మామా అంటావేంటే, వరసలు కూడా తెలీవా అంది.

పెదవి కొరుక్కున్నాను. లాభం లేదు. నవ్వు తన్నుకొచ్చింది. చప్పుడు బయటికి రాకుండా చాప అంచు నోట్లో కుక్కుకుంటే ఒళ్ళంతా ఊగిపోయింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. చాప చాపంతా ఊగింది. మాతౌలా చూసినట్టున్నాడు. గబగబా అడుగులు వినబడ్డాయి. చాప లేచింది. నా మొహమంతా కన్నీళ్ళు. ఏడవకమ్మా, ఏడవకు, అయిపోయింది అన్నాడు. ఆయన కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. నేను ఇంకా ఏడ్చాను. ఏడ్చానో నవ్వానో అప్పటికి నాకే తెలీదు. ఆ క్షణంలో ఆ మనిషి మీద ఇష్టం కూడా కలిగింది.

తర్వాత ఆవా వేరు కషాయం తాగారు, ఉపన్యాసాలిచ్చారు. మాతౌలాకి మాట్లాడటం వచ్చు. ఇంతటితో సరి, ఈరోజు నుంచి మీ ఇంటికీ నాకూ మధ్య తగువు లేదు, ఎగతాళీ లేదు, మీ ఇంట ఎవరి నోటా నా మీద నవ్వు పుట్టకూడదు అన్నాడు. మామ తల వంచి అలాగే అన్నాడు. ఇఫోగాలో ఇచ్చిన మాట మావాళ్ళు తప్పరు. ఒక పందిని వేశారు. నాకు వీపు ముక్క వచ్చింది. బాగుంది.

అదే రోజు. సాయంత్రం

గెలిచాం కదా అన్నాను మామతో. ఇల్లు నిలిచింది, తోట నిలిచింది. పుస్తకంలో ఇక ఆయన జోలికి పోను, అంతే కదా. మామ గడప మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. మరి దెయ్యాల ఆట సంగతేంటి అన్నాను. దెయ్యం మన ఇంటిది కాదు కదా మామా, అది మాట ఇవ్వలేదు కదా అని లాయరులా వాదించాను. నోరు మన ఇంటిదే కదే అన్నాడు.

తల వంచేటప్పుడే తెలుసు ఆయనకి. నా మూలంగా ఆయన ఆట పోయింది. చాలా బాధగా ఉంది, ఇంకేం రాయను.

నవంబరు 6. ఆపియా

నాలుగో సంచిక నడవడం లేదు. ఏ పెద్దమనిషిని రాసినా మా ఊళ్ళో మాతౌలా అనే చదువుకుంటారు. అప్పుడు మాట తప్పినవాడు మామ. పెని వచ్చి, రాజకీయాలొద్దు, పందిని ప్రేమలో పడేద్దాం అన్నాడు. పంది కూడా ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 28, 1988

ఎన్నికల్లో మాతౌలా మనిషే గెలిచాడు. ఊళ్ళో కొత్త మతాయిలు పుట్టగొడుగుల్లా మొలిచారట. వంటింట్లో వాళ్ళు కూడా మతాయిలేనట. కలం తీశాను. మూత పెట్టాను.

జూన్ 11

ఆరోగ్యశాఖకి దోమల మీద కామిక్ రాస్తున్నాను. జీతం బాగానే ఉంది, అట్ట మీద పేరు కూడా వేస్తారట. దోమని ఎన్ని మాటలన్నా పడుతుంది. ఊళ్ళో దానికి బంధువులు లేరు.

జనవరి 1, 1989. మా ఊరు

సాయంత్రం దెయ్యాల ఆట. ఇయోసేఫో, ఇయోసేఫో అని ఊరంతా చప్పట్లు. మామ లేవలేదు. మాతౌలా తనే వచ్చి మామ పక్కన చతికిలబడ్డాడు. లేవవయ్యా, ఏడాదిగా నన్నెవరూ ఏమీ అనలేదు అన్నాడు. నిజంగా బతిమాలాడు. మీరు దెయ్యాన్ని కూడా క్షమించేశారు కదా దొరా, క్షమించాక అది రాదు అన్నాడు మామ, చాలా మర్యాదగా.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పిల్లల డాన్స్ చూశారు.