ప్రాగ్ సంధి, ప్లెయిన్స్‌బరో హాలు

ప్లెయిన్స్‌బరో, అమెరికా,
1986 మార్చి 12

చిరంజీవి ప్రేమజ్యోతికి ప్రభువు పేరిట అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం, నీ చదువు అయ్యేదాకా నా దగ్గర వదిలిన నీ చంటివాడు ఉదయ్ క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడు భాస్కర్ వేళకి తింటున్నారని నమ్ముతున్నాను.

యూరప్‌లో ముప్పయ్యేళ్ల మతయుద్ధం మీద నీ థీసిస్‌లోంచి పంపిన అధ్యాయం చదివావా అని అడిగావు. చదివాను, నోరు తెరుచుకుని. ఆ జర్మన్ సాక్సనీ ప్రభువు మనలాగే లూథరన్ ప్రొటెస్టంటు కదా! నిన్నటిదాకా తనలాంటి లూథరన్లే అయిన స్వీడన్‌వాళ్ల పక్కన నిలబడి, 1635లో ప్రాగ్‌లో కాథలిక్ చక్రవర్తితో సంధి చేసుకుని, ఆ స్వీడన్‌వాళ్ల మీదికే కత్తి దూస్తాడా? కాథలిక్ ఫ్రాన్సేమో ప్రొటెస్టంట్లకి అండ! ఇదేం మతయుద్ధమండీ అని మీ నాన్నగారికి చదివి వినిపిస్తే, ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. ఎందుకో ఆదివారం తెలిసింది.

ఈస్టర్‌కి బాబు బాప్తిస్మం ఖాయమేనా అన్నావు. ఏం చెప్పనే! మన తెలుగు ఆరాధనకి హాలిచ్చిన అమెరికన్ చర్చివాళ్లు, మీరు రెండు గుంపులుగా కొట్టుకుంటే తాళం తీసేసుకుంటామన్నారు. చంటిపిల్లలకి నీళ్లు చిలకరిస్తే చాలని మనం, పెద్దయ్యాక మునిగితేనే బాప్తిస్మమని ఆనందబాబుగారి బాప్టిస్టులు. మీటింగులో మన తరఫున మాట్లాడవలసిన మీ నాన్నగారు లేచి, హాల్లో ఇక మునక బాప్తిస్మమేనని ఆనందబాబుగారితో ఒప్పందం మీద సంతకం పెట్టేశారు! సొంత మనవడండీ అన్నాను.

"ఏం చేయమంటావు దేవీ? కాంప్రమైజ్ అవకపోతే హాల్ పోతుంది. హాల్ పోతే తెలుగులో ప్రార్థనే ఉండదు," అన్నారు. నీ సాక్సనీ ప్రభువు నా ఇంట్లోనే కాఫీ తాగుతున్నాడు.

ఇక దాచలేను. ఆపదలో విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని మనవాళ్లు ఒప్పుకుంటారుగా. నిన్న బాబుకి జలుబు చేసింది. జలుబు ఆపదేనా అని అడగకు. వంటింటి సింకు దగ్గర, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున వాడి తలమీద మూడుసార్లు నీళ్లు పోసేశాను. వాణ్ణి పట్టుకున్నది ఎవరనుకున్నావు? పక్కింటి శశికళ. శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఉపవాసముండే మనిషి! "కానీయండి ఆంటీ, నేను హోల్డ్ చేస్తాగా," అంది. అదీ మన ఫ్రాన్సు. నిన్ను అడక్కుండా చేశాను. నీ కోపమంటే నాకు భయమే.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మీ నాన్నగారు. ఆయన తువ్వాలు తెచ్చి బాబు తల తుడిచి, మెల్లిగా "ఆమేన్" అన్నారు.

ఆ చేత్తోనే కదే సంతకం పెట్టింది! ఆయన ఎవరి పక్షమో నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా ఉన్న
అమ్మ, దేవకుమారి