పోగవడానికి ఎన్ని మాటలో

ఆష్‌గిల్, కంబ్రియా
బుధవారం, 4 ఏప్రిల్ 2001

మా తల్లి హిలరీకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం, మనుషుల వరకు. నువ్వు ఆ తుర్కు ఊళ్ళో చలికి చెవులు కప్పుకునే తిరుగుతున్నావని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. పోస్టు మనిషిని ఇంటిదాకా రానివ్వడం లేదు. బాట చివర పాత పాలక్యాను పెట్టాం. ఉత్తరాలు అందులో పడేసి, హారను కొట్టి వెళ్ళిపోతాడు.

ఈస్టరుకి వస్తానన్నావు. రావద్దు. గాలికుంటు జబ్బు పక్క లోయదాకా వచ్చేసింది. ఒక్క గొర్రెకి కనిపించినా మంద మొత్తాన్నీ, దానితో కలిసిన పక్క మందనీ కూడా చంపి తగలబెడుతున్నారు. గడప ముందు మందునీళ్ళు పోసిన గడ్డి పరిచి, బూట్లు అందులో తొక్కి బయటికీ లోపలికీ తిరుగుతున్నాం. మీ నాన్న రోజుకి ఇరవైసార్లు తొక్కుతాడు. అంత భక్తిగా చర్చిలో కూడా మోకరిల్లి ఎరగడు.

ఇక నీ ప్రశ్న. ఇంగ్లీషులో ఒకచోట చేరడానికి ఇన్ని క్రియలెందుకని మీ బడిపిల్లలు నిన్ను నిలదీశారని రాశావు. నిఘంటువు వదిలేసి గొర్రెలు కాసేదాన్ని అడిగావు, బాగానే ఉంది నీ పంతులమ్మగిరీ. నాకు తెలిసింది రాస్తాను, తప్పయితే దిద్దుకో.

గ్యాదర్ అంటే మనకి ఒకటే పని. ఈ కొండమీద మేపుకునే తొమ్మిదిళ్ళవాళ్ళూ కుక్కలతో కొండెక్కి, గొర్రెలన్నిటినీ కలిపి కిందికి దించి, రంగు గుర్తులు చూసి ఎవరివి వాళ్ళు తోలుకుపోవడం. ఒక్కడివల్ల అయ్యేది కాదు. మస్టర్ సైనికుల మాట. మొన్నటిదాకా నాకు దానితో పనే పడలేదు. ఇప్పుడు సంత మైదానంలో, గొర్రెల్ని చంపే పనికి వచ్చిన పటాలం లారీలు బారులు తీరి ఉన్నాయట. కాంగ్రిగేట్ అనేది చర్చికి వెళ్ళేవాళ్ళకి. జనం చేరితే బూట్లకంటుకుని జబ్బు పాకుతుందని పాదిరిగారు మూడు వారాలుగా చర్చికి తాళం వేశారు. మీ విన్నీ అత్త ఊరుకుంటుందా? "నలభై ఏళ్ళు ఆదివారం నిద్ర చెడగొట్టుకుని వెళ్ళాను. వెళ్తే పాపమని ఇప్పుడా చెప్పేది?" అని ఫోన్లో ఒకటే దెప్పుడు. ఫ్లాక్ పక్షులది. పక్క లోయలో మంటలు పెట్టిన చోట కాకులు చేరుతున్నాయి.

హడిల్ అంటే గొర్రెలు గాలికి వీపు పెట్టి, గోడ వారన ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడడం. టీవీలో వార్తల వేళకి నేనూ మీ నాన్నా ఒక్క సోఫా మూలకే చేరుతున్నాం. పెళ్ళయిన కొత్తలో కూడా అంత దగ్గరగా కూచోలేదు. ఇంకో మాట ఉంది, కుప్పపడడం. దాని సంగతి మీ పిల్లలకి నేను రాయను. ఆ మంటల పొగ మన పెరట్లో ఆరేసిన దుప్పట్లకి పడుతోంది, అది చాలు.

ఇప్పుడు మీ నాన్నకి కూడా చెప్పని సంగతి చెబుతాను.

పది రోజుల కిందట మన పొలంలో ఐజాక్ మౌన్సీ గొర్రెలు రెండు కనిపించాయి. పక్క ఫారం ఐజాకే, నీకు ఈల వేయడం నేర్పిన ముసలాయన. డొక్కమీద అతని ఎర్రగీత ఉంది. ఏ గొర్రే పొలం దాటకూడదని హుకుం, తెలుసు. కానీ పరాయి గుర్తున్న గొర్రెని మందలో ఉంచుకున్నవాణ్ణి ఈ లోయలో ఏమంటారో నీకు తెలుసు. మా నాన్న అలాంటివాడి మొహం చూసేవాడు కాదు. నా చెయ్యి ఊరుకోలేదు. రాతిగోడ కంతలోంచి రెంటినీ అతని పొలంలోకి తోలేశాను. మంచిపనే చేశాననుకున్నాను.

ఆదివారం నుంచి మన గొర్రె ఒకటి కుంటుతోంది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళ మీద బొబ్బ, గాలికుంటుకి అదే ఆనవాలు. దాని నోరూ మూశాను, నా నోరూ మూసుకున్నాను. ముల్లు గుచ్చుకుందని మీ నాన్నకి అబద్ధం చెప్పాను. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

మేత అయిపోయిందని, హుకుం ఉన్నా సరే, ఐజాక్ రేపు కొండ గేటు తీసి గొర్రెల్ని పైకి వదులుతున్నాడు. మన జబ్బు ఆ రెంటితో అతని మందకి పాకి ఉంటే, కొండమీద గోడలు లేవు, తొమ్మిదిళ్ళ గొర్రెలూ పోతాయి. నోరు విప్పితే మనవీ అతనివీ పోతాయి. భయంగా ఉంది తల్లీ. చాలా భయంగా ఉంది.

ఇక్కడిదాకా రాసి, లేచి ఐజాక్‌కి ఫోన్ చేశాను. గొర్రెల్ని తోలిందీ, బొబ్బ సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"నా గీత చూసే పంపావా?" అన్నాడు.

"చూసే."

"నేనైనా పంపేవాణ్ణే. సరే, డాక్టరుకి చెప్పు. నే వెళ్ళి గేటుకి గొలుసేసొస్తా," అని పెట్టేశాడు. తిట్టినా బావుండేది.

పశువుల డాక్టరుకి చెప్పాను. తరవాత మీ నాన్నకి.

"మూడ్రోజులా? నాక్కూడా చెప్పకుండానా?" అన్నాడు.

"చెప్తే నిజమైపోతుందేమోనని," అన్నాను. ఆయన కుర్చీలో కూలబడి టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

డాక్టరూ, పటాలంవాళ్ళూ మూడింటికి వస్తారట. ఈలోగా మందనంతా పెరట్లోకి చేర్చమన్నారు. సాయానికి ఎవర్నీ పిలవకూడదట. రెండు వందల అరవై, అన్నీ చూడివి. ఇంకో రెండు వారాల్లో ఈనాల్సినవి. ఈ కాగితం వాళ్ళు బయటికి పోనిస్తేనే నీకు అందుతుంది.

మీ నాన్న కుక్కని తీసుకెళ్ళి కొట్టంలో కట్టేసి వచ్చాడు. "దీంతో పన్లేదు ఆగ్నెస్. నువ్వు దాణా బస్తా పట్టుకుని రా, చాలు," అంటున్నాడు. నిజమే. చలికాలమంతా వాటికి దాణా పెట్టేది నేనే. నా గొంతు వింటే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాయి. వెళ్ళి పిలవాలి.

ఇట్లు,
మీ అమ్మ
ఆగ్నెస్