ఇవాళ్టి లెక్క పూర్తయిందా

జనవరి 9

ఫోన్‌లో ఒక యాప్ ఉంది. నోట్లో పెట్టుకున్న ప్రతిదీ అందులో రాయాలి. యాప్‌లో కోపానికి గడి లేదు కాబట్టి ఈ డైరీ కొన్నాను.

ఈ ఉదయం రెండు వందల పదకొండు పౌండ్లు. పోయిన వారమూ అంతే. సెప్టెంబర్‌లో మొదలుపెట్టినప్పుడు రెండు వందల ముప్పై దాటి ఉన్నాను. అప్పట్లో వారం వారం దిగేది, నేనూ గాల్లో తేలేదాన్ని. ఇప్పుడు ముల్లు అక్కడే కూర్చుంది.

రెండు వందలకు దిగితేనే ఆస్పత్రివాళ్లు నా కిడ్నీ తీసుకుంటారు. నా ఎత్తుకు అంతకు మించి బరువుంటే ఆపరేషన్ టేబుల్ ఎక్కించరట. కిడ్నీ మా అన్నయ్య రెయినోకి. నాకంటే రెండేళ్లు పెద్ద. వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో ఉంటాడు. మా ఇంట్లో రక్తం కలిసింది నాదొక్కదానిదే.

రోజు చివర్లో యాప్ ఒక ప్రశ్న వేస్తుంది. ఇవాళ్టి లెక్క పూర్తయిందా? అవును, కాదు. ఆ ప్రశ్న చూస్తే ఒళ్లు మండుతుంది.

జనవరి 15

నా ఉద్యోగం పేస్టీల దుకాణంలో. పిండి తూచడం, మాంసం, బంగాళాదుంప, రుటబాగా దుంప ముక్కలు కూరడం, మడిచి అంచు నొక్కడం. పొద్దున్నుంచీ తూకమే. ఇంటికొస్తే మళ్లీ త్రాసు. చికెన్ తూచు. అన్నం తూచు. ఆఖరికి ద్రాక్షపళ్లు కూడా తూచు. ద్రాక్షపళ్లు తూచుకుని తినే బతుకేం బతుకు!

మా అమ్మ చేసిన పేస్టీ యాప్‌లో లేదు. ఎవరో పెట్టిన పేస్టీ ఒకటుంది, అందులో క్యారెట్ వేశారు. క్యారెట్ వేసినదాన్ని మా ఊళ్లో పేస్టీ అనరు.

ఓవెన్‌లో పగిలినవి అమ్మం. పగిలినవి పనివాళ్లవి. ఇవాళ ఒక పగిలిన అంచు తిన్నాను. కరకరలాడుతూ, కొవ్వు ఓడుతూ, ఎంత బాగుందో. రాయలేదు.

జనవరి 21

ఓట్స్, గుడ్డు, చికెన్. ఓట్స్, గుడ్డు, చికెన్. నేను కోడి వంశాన్ని నాశనం చేస్తున్నాను.

జనవరి 27

రెయినోని డయాలసిస్‌కి తీసుకెళ్లాను. రోడ్డు పక్కన మంచు బస్సు ఎత్తున పేరుకుని ఉంది. దారంతా వాడివి వెక్కిరింతలే. ఏమే అయిలా, నా కిడ్నీ నీ నడుం మడతల్లో ఎక్కడో దాక్కుంది, కాస్త గట్టిగా వెతుకు, అన్నాడు. వెతుకుతున్నాను గానీ ముందు నీ నోరు దొరుకుతోంది, అన్నాను. ఇద్దరం నవ్వాం.

రెండు గంటలయ్యాక మెషీన్ కూసింది. బీపీ పడిపోయింది. వాడి ముఖం పేస్టీ పిండిలా తెల్లబడింది, కళ్లు పైకి తేలిపోయాయి. నర్సులు కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు పైకెత్తారు. నన్ను పక్కకు జరగమన్నారు. నేను గోడకు ఆనుకుని వాడి సాక్సు చూస్తూ నిలబడ్డాను. సాక్సుకి చిల్లు. ఆ చిల్లు కుట్టాలి, ఆ చిల్లు కుట్టాలి అనుకుంటున్నాను, ఇంకేమీ ఆలోచన రావడం లేదు.

తేరుకున్నాక ఈల వేశాడు. చిన్నప్పటి నుంచీ అంతే, భయమేస్తే ఈల వేస్తాడు. ఇవాళ రాగం కూడా రాలేదు, వట్టి గాలి.

వాణ్ని ఇంటి దగ్గర దించి ఆ సాక్సు అడిగి తెచ్చుకున్నాను, కుట్టాను.

ఫిబ్రవరి 1

ఇంత భయపడ్డాక మనిషి ఏం చెయ్యాలి? బుద్ధిగా తిండి తగ్గించాలి. నేను నిసు రొట్టె తిన్నాను. యాలకుల వాసన, పైన పంచదార, వెన్న. మూడు ముక్కలు. యాప్‌లో ఒక టోస్ట్ అని రాశాను.

లెక్క పూర్తయిందా? అవును.

ఎందుకిలా చేస్తున్నానో నాకే తెలియదు. విసుగు అని మా ఆయన డేల్‌తో అన్నాను. ఎవరికైనా విసుగే కదా, అన్నాడు. విసుగంటే నమ్మేస్తారు.

ఫిబ్రవరి 9

గ్వెన్ ఫోన్ చేసింది. కిడ్నీ మార్పిడి విభాగంలో నా కేసు చూసే నర్సు. ఇరవై మూడున రమ్మంది. తూకం, రక్తం, మూత్రం, అన్నీ ఒకేసారి. ఆ రోజు రెండు వందల లోపు లేకపోతే ఫైలు పక్కన పెట్టేస్తారట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలట. నేనేం చెయ్యనమ్మా, పైవాళ్ల రూలు, అంది.

ఇప్పుడు రెండు వందల ఆరు. రెయినోకి అంత టైమ్ ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. జవాబు వినాలని లేదు.

ఫిబ్రవరి 16

రెండు వందల ఆరు.

ఫిబ్రవరి 18

ఇంకా ఆరే. యాప్‌లో రాయనివి ఒంట్లో రాసుకున్నట్టున్నాయి.

డేల్ ఒక ఉపాయం చెప్పాడు. తను హైస్కూల్లో రెజ్లింగ్ చేసినవాడు. మ్యాచ్‌కి ముందు రోజు కుర్రాళ్లంతా సౌనా ఆవిరి గదిలో కూర్చుని చెమట పట్టించి బరువు దింపేవాళ్లట. ఓస్ ఆరు పౌండ్లేగా, నేను ఒక్క రాత్రిలో ఎనిమిది దింపి రీజనల్స్ పోటీలకి పోలేదూ, అన్నాడు. గ్యారేజీలోంచి అప్పట్లో చెమట కోసం వేసుకున్న రబ్బరు సూటు తెచ్చి దులిపాడు. దాంట్లో ఎలక గూడు పెట్టింది.

మా పెరట్లో సౌనా ఉంది. మా తాత కట్టింది. ప్రతి శనివారం ఎలాగూ కూర్చుంటాం. సౌనాలో కూర్చుంటే చెడు జరుగుతుందని మా ఇంట్లో ఎవరికీ తట్టదు. నేను పుట్టింది కూడా దాంట్లోనేనని అమ్మ చెప్పేది.

ఫిబ్రవరి 22, సాయంత్రం

నిన్నటి నుంచి తిండి లేదు. ఉదయం నుంచి నీళ్లు లేవు. రబ్బరు సూటు వేసుకుని పై బల్ల మీద కూర్చున్నాను. డేల్ రాళ్ల మీద నీళ్లు పోస్తుంటే ఆవిరి చెవులు కాల్చింది. కాసేపు కూర్చో, బయటికి రా, తూగు, మళ్లీ లోపలికి. నాలుగోసారికి చెమట ఆగిపోయింది. నాలుక అట్టముక్కలా ఉంది. ఇంకొక్కసారి అన్నాడు డేల్. తరవాత బల్ల నా కింద లేదు.

కళ్లు తెరిచేసరికి మంచులో పడుకుని ఉన్నాను. డేల్ నా చెంపలు కొడుతూ ఏడుస్తున్నాడు. లే అయిలా, ఇంక వద్దు, చాలు, పాడు ఐడియా నాది, అంటున్నాడు. గుండె ఎక్కడెక్కడో కొట్టుకుంటోంది. చచ్చిపోతానేమో అనుకున్నాను. అప్పుడు నాకు కళ్ల ముందు కనిపించింది రెయినో కాదు. ఆస్పత్రి టేబుల్, దాని పైన గుండ్రటి లైటు.

డేల్ నీళ్లిచ్చాడు. పుక్కిలించి ఉమ్మేశాను. ఇంతా చేసి తాగితే ఎలా?

ఫిబ్రవరి 23

నూట తొంభై తొమ్మిదిన్నర.

గ్వెన్ చప్పట్లు కొట్టింది. రక్తం తీసే అమ్మాయికి నరం దొరకలేదు, మూడుసార్లు గుచ్చింది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. పార్కింగ్ లాట్‌లో రెండు బాటిళ్ల నీళ్లు గటగటా తాగాను. డేల్ స్టీరింగ్ మీద దరువేస్తూ గెలిచాం గెలిచాం అన్నాడు.

ఫిబ్రవరి 25

గ్వెన్ గొంతు వేరుగా ఉంది. నా క్రియాటినిన్ ఎక్కువగా ఉందట. కిడ్నీలు సరిగ్గా వడకట్టడం లేదట. అన్నకు వచ్చిందే చెల్లెలికీ వస్తోందేమో చూడాలి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అని అడిగింది. కేసు ఆపేశారు.

ఫోన్ పెట్టేశాక రెండు విషయాలు జరిగాయి. మొదటిది: అమ్మయ్య, నన్ను కొయ్యరు అనుకున్నాను. అనుకోవడం కాదు, నా ఒళ్లంతా ఆ మాట అంది. భుజాలు దిగాయి, ఆకలి కూడా వేసింది.

రెండోది: ఆ మొదటిదాన్ని చూసి భయపడ్డాను.

ఫిబ్రవరి 26

రెయినోకి తెలిసింది. కేసు ఆపేశారని డేల్ చెప్పాడు, సౌనా సంగతి మాత్రం చెప్పలేదు. రెయినో నాకు ఫోన్ చేశాడు. నీ కిడ్నీ నాకొద్దే, నువ్వూ ఈ కుర్చీలోకి వస్తే నీ సాక్సులెవరు కుడతారు, అన్నాడు. గ్వెన్‌కి ఫోన్ చేసి అయిలా పేరు కొట్టేయండని చెప్పాడట. నిజంగా నాకు జబ్బేమీ లేదనీ నేను ఎండిపోయి వెళ్లాననీ చెప్పడానికి నోరు తెరిచాను. సరే అని ఫోన్ పెట్టేశాను.

చెప్పకపోతే అన్నీ సర్దుకుంటాయి. నన్ను ఎవరూ ఏమీ అనరు. పాపం అయిలా, ఎంత కష్టపడింది, అంటారు. వాడు ఆ కుర్చీలోనే ఉంటాడు, ఎన్నాళ్లు ఉండగలిగితే అన్నాళ్లు.

ఫిబ్రవరి 28

శనివారం. సౌనా వెలిగించలేదు.

మార్చి 2

గ్వెన్‌కి చెప్పేశాను. రబ్బరు సూటు, నీళ్లు తాగకపోవడం, మంచులో పడటం, నిసు, పగిలిన అంచులు, అన్నీ. బరువు తగ్గించుకోమన్నాం గానీ అప్పడంలా ఎండమన్నామా తల్లీ, అంది. నువ్వు బతికి ఉండటం నీ అదృష్టం, అంది. చాలా తిట్టింది. తిడుతుంటే హాయిగా ఉంది.

చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. నీకు ఇవ్వాలని లేకపోతే ఇప్పుడే చెప్పు, ఏ నిమిషమైనా చెప్పొచ్చు. మీ అన్నకి అయిలా పనికిరాదు అని మాత్రమే చెప్తాం, కారణం చెప్పం, ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

అంటే తలుపు తెరిచే ఉంది. ఎవరూ చూడని తలుపు. అంత భయం నాకు సౌనాలో కూడా వెయ్యలేదు.

నెలాఖరుకి మళ్లీ రమ్మంది. నీళ్లు తాగి, తిని, మనిషిలా.

మార్చి 3

ఇవాళ ఉదయం గుడ్డు త్రాసు మీద పెట్టి అలాగే నిలబడ్డాను. ఇప్పుడు అర్థమైంది. విసుగు కాదు. రాసిన ప్రతిసారీ ఆ టేబుల్‌కి సరే అంటున్నాను. రోజుకి అయిదారుసార్లు. ఒక్కసారి పెద్దగా సరే అనెయ్యమంటే పెళ్లిలో అన్నట్టు అనేసేదాన్ని. గుడ్డు గుడ్డుకీ అడుగుతుంటే ఏం చెప్పను?

గుడ్డు రాశాను.

మార్చి 7

రెయినో ఇంటికి వెళ్లి చెప్పాను. సౌనా కథ వినగానే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎలక గూడు దగ్గర మరీ నవ్వాడు. తరవాత ఒక్కసారిగా ముఖం ఎర్రబడింది. నా కోసం నువ్వు చస్తే ఆ కిడ్నీ నేనేం చేసుకోనే, బుద్ధి లేదా, ఆ డేల్‌గాడికైనా లేదా, అని అరిచాడు. అరిచి ఆయాసపడ్డాడు.

అప్పుడు చెప్పాను. రెయినో, నాకు భయంగా ఉంది, మొదటి నుంచీ ఉంది, అందుకే దొంగతిళ్లు తిన్నాను, అన్నాను. గ్వెన్ చూపిన తలుపు సంగతి కూడా చెప్పాను. ఇక అది రహస్య ద్వారం కాదు.

వాడు కిటికీలోంచి మంచు వంక చూస్తూ ఈల వేశాడు. నాకూ భయమే, నీ కిడ్నీని నా ఒళ్లు తోసేస్తే నీకు ముఖం ఎలా చూపించాలా అని, అన్నాడు. వద్దనుకుంటే వద్దను, శనివారం సౌనాకి మాత్రం పిలు, అన్నాడు. ఆలోచించి చెప్తాను అన్నాను. ముందు ఏమైనా తిను, అన్నాడు. వాడి ఫ్రిజ్‌లో ఉడికించిన గుడ్లు తప్ప ఏమీ లేవు.

మార్చి 13

పగిలిన అంచు, సగం వేలంత. రాశాను.

మార్చి 19

పగిలిన అంచు లేదు. తినాలనిపించింది. అనిపించడానికి గడి లేదు, ఇక్కడ రాస్తున్నాను. గ్వెన్‌కి ఫోన్ చేసి కొట్టేసిన పేరు మళ్లీ రాయించాను. రెయినోతో కూడా చెప్పించాను. వాడు మూలుగుతూ చెప్పాడు.

రెండు వందల రెండు.

మార్చి 31

కడుపు నిండా నీళ్లు తాగి తూగాను. నూట తొంభై తొమ్మిది. రక్తం మంచిది, మూత్రం మంచిది. కిడ్నీలు రెండూ బంగారం, అంది గ్వెన్. ఒకటి చాలుతుంది, అంది.

ఇంటికొచ్చి బాత్రూమ్‌లో తలుపేసుకుని కూర్చున్నాను. ఇక బరువు చాటున దాక్కోవడానికి లేదు.

ఏప్రిల్ 16

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, ఇరవై నాలుగు. అప్పటిదాకా రెండు వందలు దాటకూడదు. ఓట్స్, గుడ్డు, చికెన్. డేల్ రబ్బరు సూటుని చెత్తబుట్టలో పడేశాడు. ఎలక మళ్లీ దాంట్లోకే వెళ్లిందట.

ఏప్రిల్ 23

పీడకల. తలుపు తెరుచుకుని బయటికి నడిచాను, బయట అంతా ఖాళీ కుర్చీలు. లేచాక కూడా గ్వెన్ నంబరు చూస్తూ కూర్చున్నాను. తెల్లవారింది. ఓట్స్ తూచాను.

ఏప్రిల్ 24, ఉదయం 5:20

ఆస్పత్రి గౌను వెనక ముడి పడటం లేదు. గ్వెన్ వచ్చి ఆఖరిసారి అడిగింది, సిద్ధమేనా, ఇప్పుడైనా వద్దనొచ్చు, అని. కర్టెన్ అవతల రెయినో ఈల వేస్తున్నాడు.

ఫోన్ డేల్‌కి ఇవ్వాలి. యాప్ తెరిచాను. తిండి లేదు, నీళ్లు లేవు, గడులన్నీ సున్నా. ఇవాళ్టి లెక్క పూర్తయిందా?

అవును.