నాలుగు పేజీల తగాదా

ప్రియమైన మరదలికి,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. పూర్తిమొగుడు "సర్దుకుపోవే" అని వార్తాపత్రిక వెనక దాక్కున్నాడు గనక ఆ అర్ధానికే మొరపెట్టుకుంటున్నాను.

మా వేధశాలలో నన్ను ఉంచాలా, పంపాలా అని కమిటీ వేశారు. నేను రాసిన వ్యాసాలు తక్కువట. ఇతరులు తమ వ్యాసాల్లో నా వ్యాసాన్ని పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు, అవి మరీ తక్కువట. మా సీనియరు, ఆ ఇస్త్రీమడత గుర్తున్నాడు కదా, మనింటికి భోజనానికొచ్చి కుర్చీ తుడుచుకుని మరీ కూర్చున్నవాడు? ఆయనకి వందలున్నాయి. ఎందుకో తెలుసా? నేను ఏళ్ల తరబడి చూస్తున్న నక్షత్రం చుట్టూ గ్రహం తిరుగుతోందని ఆయన చాటింపు వేశాడు. కాదు, అది నక్షత్రం ఒంటిమీది నల్లమచ్చ, దాంతోపాటే తిరుగుతూ వెలుగు తగ్గిస్తోందని నేను నాలుగు పేజీల్లో తేల్చేశాను. తేలిపోయింది గనక నా పేజీల గురించి ఎవరూ మళ్లీ రాయలేదు. ఆయన్ని మాత్రం "ఇలాంటి పొరపాటు చేయరాదు" అంటూ అందరూ ఉదాహరిస్తున్నారు. తిట్టిన ప్రతిసారీ ఆయన లెక్కలో ఒకటి పడుతుంది!

ఈ శీతాకాలం ఆ మచ్చ చెదిరిపోయేలా ఉంది. నన్ను పంపేస్తే టెలిస్కోపు ఆయన చేతికెళ్తుంది. ఇక దాన్ని చూసే దిక్కుండదు.

నీ వదిన

*

వదినా,

నీ ఉత్తరం చదివి క్లాసులో సుద్దముక్క విరిచాను.

ఏం న్యాయమిది? మేస్త్రీ కట్టిన గోడ కూలితే, కూలిందని చెప్పుకున్న ప్రతి నోటినీ వాడికి మెప్పుగా రాసుకుంటారా? తూకం వేసేవాడికి బియ్యమేదో రాళ్లేవో తెలియకపోతే రాళ్లే ఎక్కువ తూగుతాయి. చదవడం మానేసిన పెద్దలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. చెయ్యి చూడకుండా పని కొలవడం యజమానుల పాత జబ్బు, ఇప్పుడది పండితులకీ అంటుకుంది. మా అధ్యాపక సంఘం పత్రికలో ఇదంతా వేస్తున్నాను. వద్దంటే వెంటనే చెప్పు.

అన్నయ్యకేం, సర్దుకుపోమనడానికి? సర్దేది నువ్వు కదా.

అర్ధమొగుడు

*

ప్రియమైన అర్ధమొగుడికి,

వద్దనలేదు, వేశావు. ఇక్కడ నిప్పంటుకుంది.

ఇస్త్రీమడత నా గదికొచ్చాడు. "ఏమ్మా, ఇంటిగుట్టు పత్రికకెక్కించారు?"

"గుట్టేముందండీ, ఆకాశంలో ఉన్నదేగా!"

దాంతో మెత్తబడ్డాడు. నక్షత్రం మీద నేను రాస్తున్న పెద్ద వ్యాసాన్ని ముక్కలు కోయాలట. ప్రతి ముక్కమీదా ఆయన పేరుండాలట. ఆయన శిష్యులు వాటిని పేర్కొంటూ పోతారట. "లేదంటే మీ నాలుగు పేజీలూ తప్పని మావాళ్లందరిచేతా రాయిస్తాను" అన్నాడు.

ఒప్పుకుందామనిపిస్తోందే. పంతానికి పోతే నక్షత్రం పోతుంది. నువ్వే చెప్పు.

నీ వదిన

*

వదినా,

చెప్పను. చెబితే తిట్టవుతుంది. ఒక్కటే అడుగుతాను. ఆయన పేరు పెట్టిన వ్యాసంలో దాన్ని మచ్చ అని రాస్తావా, గ్రహమని రాస్తావా?

కోపంగా, అంతకన్నా ప్రేమగా,
నీ మరదలు

*

ప్రియమైన మరదలికి,

మచ్చ అనే రాస్తానన్నాను. తలుపు దడాలున వేసి వెళ్లాడు.

అన్నంత పనీ చేశాడు. ఆయనా, శిష్యులూ, శిష్యుల శిష్యులూ నాది తప్పంటూ వ్యాసాల మీద వ్యాసాలు గుప్పించారు. గది ఖాళీ చేసేసుకుని కమిటీ ముందుకెళ్లాను. అధ్యక్షుడు నవ్వుతూ లేచాడు. "అభినందనలమ్మా! ఈమధ్య మీ సైటేషన్లు ఎంత పెరిగాయో!" ఉద్యోగం ఖాయమట, పైగా పదోన్నతట.

నాకు ఒళ్లు మండిపోయింది. "అవన్నీ నన్ను తప్పంటున్నాయండీ. ఒక్కటైనా చదివారా?"

"చదవడం కమిటీ పని కాదమ్మా."

"పోనీ, నా నాలుగు పేజీలు?"

అందరూ బల్లకేసి చూశారు. మూలన కూర్చున్న ఇస్త్రీమడత ముఖంలో పడ్డ ముడత మాత్రం ఏ ఇస్త్రీపెట్టెకీ లొంగదు.

వాళ్లిచ్చిన నియామకపత్రం మీద సంతకం పెట్టలేదే. "మీలో ఒక్కరు ఆ నాలుగు పేజీలు చదివి, నేను తప్పో ఒప్పో మీ నోటితో చెప్పండి. తప్పయితే పంపేయండి" అని వచ్చేశాను. "చేతికొచ్చినదాన్ని కాలదన్నుకుంటావా?" అని మీ అన్నయ్య గోల. ఆనక వార్తాపత్రిక మడిచి, "ఏదీ, నాకూ ఇవ్వు ఆ పేజీలు" అన్నాడు.

ఈ ఉదయం అధ్యక్షుడే నా గదికొచ్చాడు. కళ్లజోడు నుదుటిమీద, చేతిలో పెన్సిలు గీతలతో నిండిన కాగితాలు. "రెండోపేజీలో ఆగిపోయానమ్మా. గ్రహం అడ్డొస్తే అన్ని రంగుల వెలుగూ ఒకేలా తగ్గాలన్నారు, సరే. మచ్చయితే నీలం ఎక్కువ తగ్గుతుందన్నారు. ఎందుకని?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అడగని ప్రశ్న. "కూర్చోండి" అన్నాను. మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. ఎదురువాదన చేశాడు, నాతో పోట్లాడాడు, రెండుసార్లు కసురుకున్నాడు కూడా. ఎంత హాయిగా ఉందో!

లేస్తూ, "ఇది మచ్చేనమ్మా" అన్నాడు.

అప్పుడు పెట్టాను సంతకం.

నీ వదిన